64 మంది, మూడు జెండాలు, ఇరుకు మెట్లు

బీజీఎంఐ అనే మొబైల్ ఆట ఆడే కుర్రాళ్లకు ఎరాంగెల్ మ్యాపు కొట్టినపిండి. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. దిగేది 100 మంది. ఒక్కోసారి ఎంతసేపు తిరిగినా శత్రువు అలికిడే ఉండదు. దీనికి పూర్తిగా తలకిందులైన ఆట ఇంకొకటుంది. పారిస్ నగరం అడుగున మెట్రో సొరంగాలు. పట్టుకోవాల్సిన జెండాలు మూడే. ఇటు 32 మంది, అటు 32 మంది. అందరి చేతుల్లో తుపాకులు, గ్రెనేడ్లు. ముందుకెళ్లాలంటే కొన్ని మెట్లు, కొన్ని మలుపులు. అంతే.

2011లో వచ్చిన ‘బ్యాటిల్‌ఫీల్డ్ 3’లోని ‘ఆపరేషన్ మెట్రో’ ఇది. తయారుచేసింది స్వీడన్‌కు చెందిన డైస్. ఆ సంస్థకు పేరు తెచ్చినవేమో విశాలమైన మైదానాలు, ట్యాంకులు, జెట్ విమానాలు. ట్యాంకూ జెట్టూ దూరని ఈ ఇరుకు సొరంగాన్నే రాత్రింబవళ్లు తిప్పి తిప్పి ఆడించే సర్వర్లు మాత్రం బోలెడు వెలిశాయి. తిట్టుకుంటూనే జనం వాటిలో చేరారు. 2013లో ‘బ్యాటిల్‌ఫీల్డ్ 4’ వచ్చాక మంచుకొండల్లోని జైలు మ్యాపు ‘ఆపరేషన్ లాకర్’దీ అదే కథ. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ ఆడేవాళ్లనడిగితే 2007 నాటి ‘షిప్‌మెంట్’ పేరు చెబుతారు. నాలుగు గోడల మధ్య సరకు కంటెయినర్లు, వాటి సందుల్లో మనుషులు. ఎటు తిరిగినా ఎవడో ఒకడు ఎదురవుతాడు.

మీరు ఈ ఆటల జోలికి ఎన్నడూ పోయి ఉండకపోవచ్చు. అయినా ఇలాంటి మ్యాపులో రోజూ తిరుగుతూనే ఉన్నారు. ఒక్క ప్రమోషన్‌కు పదిమంది కాచుకున్న ఆఫీసు. కొద్దిపాటి పోస్టులకు లక్షలమంది కూర్చున్న గ్రూప్స్ పరీక్ష. ఒకే వీధిలో అయిదు టిఫిన్ సెంటర్లు. చోటు తక్కువ, జనం ఎక్కువ. ఇలాంటి చోట చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా ఒక్కటే: ఇంకా గట్టిగా తొయ్యి, ఇంకా వేగంగా ఉరుకు.

ఇరుకు మ్యాపుల్లో ఆరితేరినవాళ్లు ఆ పని చెయ్యరు. ఉన్న చిన్న యుద్ధాన్ని ఇంకా చిన్నది చేసుకుంటారు. 64 మందిని నలుగురికి, సొరంగాన్నంతా ఒక ద్వారానికి, మ్యాచ్ మొత్తాన్ని రాబోయే ఒక నిమిషానికి కుదించుకుంటారు. మందిని అదుపు చెయ్యడం ఎవరి తరమూ కాదు. మన చేతికందే కాస్త చోటును అదుపు చెయ్యడం మాత్రం నేర్చుకుంటే వచ్చే విద్య. అదెలాగో చూద్దాం.

హడావుడిని పని అనుకోవద్దు

మెట్రోలో మధ్య జెండా పేరు బి. అది టికెట్ హాల్లో ఉంటుంది. కింద ప్లాట్‌ఫారాల వైపు నుంచి హాల్లోకి రావాలంటే మెట్లో ఎస్కలేటరో ఎక్కాలి. పైన శత్రువులు బోర్లా పడుకుని, మెషిన్‌గన్‌లు నేలకు ఆనించి కాచుకుని ఉంటారు. కింద మనవాళ్లు ఇరవై మంది మూగి ఉంటారు. సపోర్ట్ పాత్ర తీసుకున్నవాడొకడు తూటాల పెట్టె నేల మీద విసురుతాడు. ఇక గ్రెనేడ్లకు కరువుండదు. పెట్టె మీద నిలబడి అయిదారుగురు విసిరిందే విసురుతారు. పొగ, మంట, చెవులు దిబ్బళ్లు వేసే మోత. తెర మీద పాయింట్లు టపటపా రాలుతుంటాయి.

పావుగంట గడిచాక చూస్తే జెండా ఉన్నచోటే ఉంటుంది. ఇరవై మందికీ ఒళ్లు హూనమయ్యేంత పని చేసిన తృప్తి. ఆట మాత్రం అంగుళం జరగలేదు.

ఇరుకు మ్యాపు ఆకర్షణంతా ఇక్కడే ఉంది, ప్రమాదమూ ఇక్కడే ఉంది. పెద్ద మైదానంలో ఖాళీగా ఉన్నామని ఇట్టే తెలిసిపోతుంది. నడిచి నడిచి కాళ్లు పీకుతాయి, విసుగొస్తుంది, దారి మార్చుకుంటాం. ఇరుకులో ఆ ఎరుక ఉండదు. క్షణక్షణానికీ ఏదో ఒకటి జరుగుతుంది కాబట్టి మనమేదో సాధిస్తున్నామనే అనిపిస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో పొద్దస్తమానం జవాబులిచ్చి, మూడు మీటింగుల్లో గొంతు చించుకుని, సాయంత్రానికి అసలు ఫైలు తెరవనేలేదని గుర్తొచ్చే ఉద్యోగి నిలబడిందీ ఆ మెట్ల కిందే.

కాబట్టి గంటకోసారి ఒక్క ప్రశ్న వేసుకోండి: జెండా కదిలిందా? ఎన్ని గ్రెనేడ్లు విసిరామన్నది లెక్క కాదు. మీ జెండా ఏమిటో ముందే కాగితం మీద రాసి ఉంటేనే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రాయకపోతే వచ్చిన ప్రతి మోతా పనిలాగే వినిపిస్తుంది.

అందరూ పడే చోట పడకండి

మరి ఆ మెట్ల దగ్గర చిక్కుముడి ఎలా విడుతుంది? చాలాసార్లు ఇరవై మంది తోసినందువల్ల కాదు, నలుగురు పక్కకు తప్పుకున్నందువల్ల. అందరి కళ్లూ ఎస్కలేటర్ల మీద ఉన్న సమయంలో ఒక చిన్న స్క్వాడ్ పక్కదారిన జారుకుంటుంది. అందులో రీకన్ పాత్రలో ఉన్నవాడి దగ్గర ఒక రేడియో బీకన్ ఉంటుంది. దాన్ని శత్రువు వెనకాల ఏ మూలనో నక్కించి పెడతాడు. ఇక ఆ స్క్వాడ్‌లో ఎవరు పడిపోయినా అక్కడి నుంచే మళ్లీ పుట్టుకొస్తారు. నలుగురూ కలిసి వెనక జెండా మీద కూర్చుంటే, మెట్ల పైన బోర్లా పడుకున్నవాళ్లలో సగం మంది ఉలిక్కిపడి వెనక్కి పరుగెడతారు. అప్పుడు కింది ఇరవై మందికీ దారి దొరుకుతుంది.

ఇందులో నేర్చుకోవాల్సింది దొడ్డిదారి వెతకడం గురించి కాదు. రద్దీ ఎక్కడుందో ముందు గమనించి, అక్కడికి ఇరవై ఒకటో మనిషిగా వెళ్లకపోవడం గురించి. అక్కడ మీరు చేరితే కొత్తగా ఒరిగేదేమీ లేదు. ఇంకో చోట నలుగురిలో ఒకరైతే అక్కడ మీ విలువ నాలుగోవంతు.

మీ ఆఫీసులోనే చూడండి. బాస్ ఎదుట ప్రెజెంటేషన్ ఇవ్వడానికి అందరూ పోటీ పడతారు. కస్టమర్లు నెలల తరబడి మొత్తుకుంటున్న పాత ఫిర్యాదుల జాబితా వైపు ఎవరూ తొంగిచూడరు. కోచింగ్‌లో అందరూ ఒకే ఇష్టమైన సబ్జెక్టును నాలుగోసారి తిరగేస్తారు. మార్కులు పోతున్న గణాంకాల అధ్యాయం దుమ్ముకొట్టుకుపోతుంటుంది. ఖాళీగా ఉన్న ద్వారం ఎప్పుడూ ఒకటుంటుంది. అది కంటికి అంత ఇంపుగా ఉండదు. ఖాళీగా మిగిలిపోవడానికి కారణమూ అదే.

నలుగురే మీ లోకం

బ్యాటిల్‌ఫీల్డ్ 3లో ఒక జట్టులో 32 మంది ఉన్నా, స్క్వాడ్‌లో ఉండేది నలుగురే. ఈ ఏర్పాటు వెనక మంచి ఆలోచన ఉంది. 32 మంది పేర్లు గుర్తుపెట్టుకోవడం అయ్యే పని కాదు, వాళ్లలో ఎవడు ఎక్కడున్నాడో చూసుకోవడం అంతకన్నా కాదు. ముగ్గురినైతే చూసుకోవచ్చు. ఒకడికి తూటాలు అయిపోతే పెట్టె విసరొచ్చు. ఒకడు పడిపోతే లేపొచ్చు. స్క్వాడ్‌లో ఒక్కడు బతికున్నా మిగిలినవాళ్లు అతని పక్కనే తిరిగి పుట్టొచ్చు. అంటే కొన్ని సందర్భాల్లో కాల్చడం కన్నా ఒక మూల కిక్కురుమనకుండా బతికి ఉండటమే జట్టుకు మీరు చేసే మేలు.

లెక్కలోనూ ఈ విలువ కనిపిస్తుంది. ఆ ఆటలో శత్రువును పడగొడితే 100 పాయింట్లు. కిందపడ్డ తోటివాణ్ని డీఫిబ్రిలేటర్‌తో లేపినా 100 పాయింట్లే. పైగా సమయానికి లేపితే జట్టుకు ఒక టికెట్ మిగులుతుంది. జెండాలు పట్టుకునే ఈ కాంక్వెస్ట్ పోటీలో టికెట్లు ఎవరివి ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. కాబట్టి మెట్ల కింద వరసగా ముగ్గుర్ని లేపిన మెడిక్, ఒక్క తూటా కాల్చకపోయినా ఆట గతిని మార్చినట్టే.

అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరని మన పెద్దలు ఊరికే అనలేదు. రద్దీలో పల్లకీ ఎక్కాలనుకునేవాళ్లు ఎటూ ఎక్కువే. అందుకే మోసేవాడికి గిరాకీ. కొత్తగా చేరిన కుర్రవాడికి ఆ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్ ఎలా తెరవాలో చూపించేవారు, మీటింగులో తేలిన విషయాలను పది లైన్లలో రాసి పంపేవారు, ఒకరు సెలవు పెడితే వాళ్ల పని ఎక్కడ ఆగిందో తెలిసినవారు. వీళ్ల పేర్లు గోడ మీద ఉండవు. కొత్త ప్రాజెక్టుకు మనుషుల్ని ఎంచుకునేటప్పుడు మాత్రం అందరి నోటా ముందు వచ్చేది వీళ్ల పేరే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆట వచ్చిన కొత్తలో మెడిక్‌లలో కొందరు పాయింట్ల యావలో పడి, శత్రువు ఎదురుగా తుపాకీ ఎక్కుపెట్టి ఉండగానే పడినవాణ్ని లేపేసేవారు. పాపం, అతను కళ్లు తెరిచీ తెరవకముందే మళ్లీ పడేవాడు. మెడిక్‌కు వంద, అతనికి రెండు చావులు. చివరికి 2012లో డైస్ ఆటను సవరించింది. నన్ను లేపు అనో, వద్దులే అనో పడినవాడే చెప్పే వీలు కల్పించింది.

సాయం చెయ్యబోయే ముందు మనమూ ఆ వీలు ఇవ్వాలి. ఇంటర్వ్యూ పోగొట్టుకుని ఇంటికొచ్చిన తమ్ముడికి ఆ సాయంత్రమే మరో పది నోటిఫికేషన్ల లింకులు పంపడం కాల్పుల మధ్య లేపడమే. ముందు కాస్త పొగబాంబు వెయ్యండి. అంటే చుట్టాల ఫోన్లు, ప్రశ్నలు అతని దాకా రానివ్వకుండా అడ్డుపడండి. తర్వాత అడగండి: “ఇప్పుడు మాట్లాడుకుందామా, రేపా?”

తూటా తగలకపోయినా చూపు చెదురుతుంది

బ్యాటిల్‌ఫీల్డ్ 3లోనే సప్రెషన్ అనే ఏర్పాటు ఉంది. తూటా మీకు తగలనక్కర్లేదు. చెవి పక్కనుంచి దూసుకుపోయినా చాలు, తెర మసకబారుతుంది, గురి అటూ ఇటూ ఊగుతుంది. ఆ స్థితిలో ఎదురు కాల్పులకు దిగితే తూటాలన్నీ గోడకే. అనుభవం ఉన్నవాడు స్తంభం చాటుకు వెళ్తాడు, చూపు తేటపడేదాకా రెండు క్షణాలు ఆగుతాడు, అప్పుడు తల బయటపెడతాడు.

రద్దీ చోట్ల మనల్ని దెబ్బతీసేవాటిలో చాలా వరకు మనకు తగలని తూటాలే. పక్క డెస్కువాడికి జీతం పెరిగిందన్న కబురు. క్లాస్‌మేట్ అమెరికా వీసా ఫొటో. ఎవరినో ఉద్యోగంలోంచి తీసేశారట అన్న గుసగుస. వీటిలో ఒక్కటీ మన ఒంటి మీద గీత గీయలేదు. అయినా చూపు మసకబారుతుంది, చేతిలో పని వణుకుతుంది. ఆ మసకలోనే రాజీనామా రాయడం, కోర్సుకు డబ్బు కట్టెయ్యడం, ఇంట్లోవాళ్ల మీద ఎగిరిపడటం జరిగిపోతాయి.

నియమం చిన్నది. చూపు మసకగా ఉన్నప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోవద్దు. కోపంలో రాసిన మెయిల్‌ను డ్రాఫ్టులోనే ఉంచండి. మర్నాడు పొద్దున కాఫీ తాగాక చదవండి. పంపాల్సినదైతే అప్పుడూ పంపొచ్చు.

పడ్డాక పగ కాదు, చోటు చూసుకోండి

షిప్‌మెంట్‌లో కొత్తగా అడుగుపెట్టినవాళ్లకు మొదట ఒళ్లు మండుతుంది. పడిపోయిన మరుక్షణం మళ్లీ పుడతారు, పుట్టీపుట్టగానే ఎవడో కాల్చేస్తాడు. “ఇదేం అన్యాయం!” అనిపిస్తుంది. నిజానికి ఇందులో ఎవరి కుట్రా లేదు. మనిషిని ఎక్కడ పుట్టించాలో నిర్ణయించేటప్పుడు శత్రువులు లేని చోటు కోసం ఆట వెతుకుతుంది. అంత చిన్న మ్యాపులో అలాంటి చోటంటూ మిగలదు. ఉన్నవాటిలో కాస్త నయమనిపించిన మూలలో పడేస్తుంది. అంతే.

ఇరుకులో తగిలే దెబ్బల్లో పెద్ద వాటా ఇలాంటిదే. గుడ్డి గ్రెనేడు ఎగిరొచ్చి కాళ్ల దగ్గర పడుతుంది. విసిరినవాడికి మీరెవరో కూడా తెలియదు. వేలాది దరఖాస్తుల్లో మీది పక్కకు పోయిందంటే మీకు విలువ లేదని కాదు. చాలాసార్లు దాన్ని ఎవరూ తెరిచి కూడా ఉండరు. ప్రతి దెబ్బనూ మన మీద తీర్పుగా చదువుకుంటే పదిహేను నిమిషాల మ్యాచ్‌లోనే మనసు విరిగిపోతుంది.

అయితే ప్రతి దెబ్బా గుడ్డిదని కొట్టిపారేసినా నష్టమే. కొత్త ఆటగాడు పుట్టగానే చేసే మొదటి పని, తనను కాల్చినవాడి కోసం అదే సందులోకి పరుగెత్తడం. వాడక్కడే ఉంటాడు, తుపాకీ అదే సందు వైపు పెట్టుకుని. కొత్తవాడు మళ్లీ పడతాడు, మళ్లీ పరుగెడతాడు. అనుభవజ్ఞుడు ఒక్క లెక్క వేసుకుంటాడు. ఒకసారి పడితే కాకతాళీయం. అదే చోట, అదే తీరున మూడోసారి పడితే తప్పు దారిది, దారి మార్చాలి. మీరు కూడా వైఫల్యాలను ఇలా రెండు కుప్పలు చేసుకోండి. తగిలిన చోటు ప్రతిసారీ వేరైతే, దులుపుకుని లేవండి. తగిలిన చోటు ఒక్కటేనా? లేవకముందే ఆలోచించండి. ప్రతి ఇంటర్వ్యూలో ఒకే ప్రశ్న దగ్గర తడబడుతుంటే అది దురదృష్టం కాదు, మీరు మూసిపెట్టుకున్న పుస్తకం.

గెలుస్తున్నప్పుడు వెనక ఎవరున్నారు?

ఇరుకు మ్యాపుల్లో ఓటమి కన్నా గెలుపే ఎక్కువమందిని ముంచుతుంది. 2010లో ‘కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్’తో వచ్చిన ‘న్యూక్‌టౌన్’ మ్యాపు చూడండి. ఎదురెదురుగా రెండు ఇళ్లు, మధ్యలో బస్సు, లారీ. మీ జట్టు ఊపు మీద ఉండి, అందరూ అవతలి ఇంట్లోకి, దాని పెరట్లోకి జొరబడ్డారనుకోండి. శత్రువులకు ఆ పక్క పుట్టడానికి చోటుండదు. ఆట వాళ్లను మీరు వదిలేసి వచ్చిన మీ పెరట్లో పుట్టిస్తుంది. ఇప్పుడు వాళ్లు మీ వీపు వెనక ఉన్నారు. ఆటగాళ్లు దీన్ని ‘స్పాన్ ఫ్లిప్ అయింది’ అంటారు.

అలా జరక్కుండా మంచి జట్లు ఒకరిని వెనకాలే నిలబెడతాయి. అతణ్ని యాంకర్ అంటారు. తన జట్టువాళ్లు ఎక్కడ పుట్టాలో ఆ చోటును కాపాడటమే అతని పని. అందరూ ముందు పోరాడుతుంటే తానొక్కడు పెరట్లో నిలబడాలి. కిల్స్ రావు, మెప్పూ రాదు. అతను విసిగిపోయి ముందుకు ఉరికితే మాత్రం మొత్తం జట్టు తలకిందులవుతుంది.

వ్యాపారం బాగుందని రెండో బ్రాంచి, మూడో బ్రాంచి తెరిచి, మొదటి కొట్లో రుచి తగ్గిన సంగతి గమనించని హోటళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి. పిల్లవాడికి ర్యాంకు వచ్చిందని పై క్లాసు పాఠాల వెంట పరుగెత్తించి, పునాది లెక్కలు మరిచిపోయాడని రెండేళ్ల తర్వాత తెలుసుకునే తల్లిదండ్రులూ ఉంటారు. ఊపు మీద ఉన్నప్పుడే అడగాల్సిన ప్రశ్న ఇది: నా పెరట్లో ఎవరున్నారు? ఆరోగ్యం, నిద్ర, పొదుపు, ఇంట్లో మనుషులు... వీటిలో దేన్ని ఖాళీగా వదిలి ముందుకొచ్చాం? మీ ఇంట్లో యాంకర్‌గా నిలబడినవారు ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ఈ వారం వాళ్లకు ఒక పూట సెలవివ్వండి. ఆ పూట వాళ్ల చోటులో మీరు నిలబడండి.

నిమిషం ముగియకముందే తర్వాతి చోటుకు

‘కాల్ ఆఫ్ డ్యూటీ’లో హార్డ్‌పాయింట్ అనే పోటీ ఉంటుంది. 2020లో మొదలైన కాల్ ఆఫ్ డ్యూటీ లీగ్‌లోనూ ఆడిస్తారు. మ్యాపులో ఒక చిన్న గదో మూలో వెలుగుతుంది. అక్కడ నిలబడితే సెకనుకో పాయింటు. 250 ముందు చేరినవాళ్లు గెలిచినట్టు. 60 సెకన్లు కాగానే ఆ చోటు ఆరిపోయి ఇంకో చోటు వెలుగుతుంది.

కొత్తవాళ్లు చివరి సెకను దాకా పాత చోటు కోసమే కొట్టుకుంటారు. ఆరితేరినవాళ్లలో ఒకరిద్దరు గడువుకు ముందే కదిలి, రాబోయే చోట కాళ్లు ఆనించి నిలబడతారు. చివర్లో రాలే నాలుగు పాయింట్లు పోతే పోనీ, తర్వాతి అరవై మనవైతే చాలన్నది వాళ్ల లెక్క.

వెలుగుతున్న చోటే మంది మూగుతారు. అందరికీ తెలిసిన కోర్సు, అందరూ కొంటున్న స్థలం, అందరూ పెడుతున్న వ్యాపారం. అక్కడికి ఆలస్యంగా చేరితే మిగిలేది తోపులాటే. మీ పనిలో వచ్చే ఏడాది ఏది వెలుగుతుందో జోస్యం చెప్పనక్కర్లేదు. వారానికి రెండు గంటలు దాని కోసం పక్కన పెడితే చాలు. మిగతా సమయమంతా ఇప్పటి చోటులోనే పోరాడండి. అందరూ ఒకేసారి వదిలి వెళ్లడం కూడా పొరపాటే. ఒకరిద్దరు ముందు కదలాలి, మిగిలినవాళ్లు పట్టు సడలించకూడదు. మంచి జట్లలో జరిగేది ఇదే.

రెండో ప్రాణం ఉందా?

ఇప్పటిదాకా చెప్పిన ఆటల్లో పడితే మళ్లీ లేస్తాం. అన్ని ఆటలూ అలా ఉండవు. 2000 దాటాక హైదరాబాద్ నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడినవాళ్లకు ‘ఐస్‌వరల్డ్’ గుర్తుండే ఉంటుంది. ఒక చిన్న గది, మధ్యలో నాలుగు మంచు దిమ్మెలు, నేల మీద పరిచిన తుపాకులు. సర్వర్ నిండా జనం. రౌండు మొదలైన కొద్ది క్షణాల్లో సగం మంది పడిపోతారు. పడినవాడు ఆ రౌండు ముగిసేదాకా కూర్చుని చూడాల్సిందే.

అంతే ఇరుకు, అంతే జనం. నియమం ఒక్కటి మారేసరికి ఆడే తీరంతా మారిపోతుంది. షిప్‌మెంట్‌లో ధైర్యంగా ఉరకడం తెలివి. ఐస్‌వరల్డ్‌లో మొదటి రెండు క్షణాలు దిమ్మె చాటున ఆగడం తెలివి.

మనలో చాలామంది ఈ రెండింటినీ తారుమారు చేసుకుంటారు. నలుగురి ముందు మాట్లాడటం, కొత్త భాష ప్రయత్నించడం, తెలియనిది అడగడం, నచ్చిన రచన పత్రికకు పంపడం... వీటన్నిటిలో ఎన్ని ప్రాణాలైనా ఉన్నాయి. అక్కడేమో దిమ్మె చాటున ఏళ్ల తరబడి దాక్కుంటారు. బండి నడపడం, అప్పుకు హామీ సంతకం పెట్టడం, కోపంలో తెగతెంపుల మాట అనేయడం... వీటిలో ఉన్నది ఒక్క ప్రాణం. అక్కడేమో ముందూ వెనకా చూడకుండా ఉరుకుతారు. ఏ పనికైనా దిగేముందు అడగండి: పడితే లేవొచ్చా? లేవొచ్చంటే వెంటనే దిగండి. లేవలేనిదైతే ఆలస్యమైనా పరవాలేదు.

ఐస్‌వరల్డ్‌లో ఒక లాభమూ ఉంది. పడిపోయి కూర్చున్నవాడు మిగిలినవాళ్ల ఆటను వాళ్ల కళ్లతోనే చూస్తాడు. తనను పడగొట్టినవాడు ఏ మూల నిలబడ్డాడో, ఎప్పుడు తల బయటపెట్టాడో అప్పుడు తెలుస్తుంది. ఖాళీగా కూర్చోవాల్సి వచ్చిన కాలాన్ని ఇలా వాడుకునేవాడు తర్వాతి రౌండులో వేరే మనిషిగా దిగుతాడు.

మీ ఇంట్లో ఆడే పిల్లలుంటే

“ఎప్పుడూ ఆ ఫోనేనా!” అన్న మాట రోజూ వినీ వినీ పిల్లల చెవులు మొద్దుబారిపోయి ఉంటాయి. ప్రశ్న మార్చి చూడండి. “ఎన్ని కిల్స్ కొట్టావు?” అని కాదు. “ఇవాళ ఎవరిని లేపావు? నిన్నెవరు లేపారు?” అని అడగండి. జవాబులో మీ అబ్బాయి గుంపులో ఎలా ఉంటాడో బయటపడుతుంది. తిట్టుకుంటాడా, పంచుకుంటాడా, ఓడినప్పుడు తప్పంతా పక్కవాడి మీదకు తోస్తాడా అన్నది మార్కుల కాగితం చెప్పదు, ఇది చెబుతుంది. సమయం విషయంలో మాత్రం మెతకదనం వద్దు. 2023లో బీజీఎంఐ మన దేశంలో మళ్లీ అందుబాటులోకి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటలే అన్న పరిమితితో వచ్చింది. ఆట నడిపేవాళ్లకే హద్దు అవసరమైనప్పుడు ఇంట్లో ఇంకాస్త చిన్న హద్దు పెట్టడంలో తప్పేముంది?

మ్యాపునే తప్పు పట్టాల్సిన వేళ

అన్ని రద్దీలూ మన ఓర్పుతో, నేర్పుతో తీరవు. బ్యాటిల్‌ఫీల్డ్ 3నే తీసుకోండి. కంప్యూటర్లో 64 మంది ఆడిన ఆటనే ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360ల మీద గరిష్ఠంగా 24 మందే ఆడారు. అవే గోడలు, అవే తుపాకులు. చుట్టూ మంది తగ్గితే మెట్ల దగ్గర ఊపిరాడుతుంది. పక్కదారులు పనికొస్తాయి. ఒక్క మనిషి కదలిక ఆటను మలుపు తిప్పుతుంది. 64 మందిలో చేతకానివాడిలా కనిపించిన ఆటగాడే 24 మందిలో మెరవొచ్చు. మారింది అతని నైపుణ్యం కాదు.

తయారీదారులకూ ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. 2021లో ‘బ్యాటిల్‌ఫీల్డ్ 2042’ను 128 మంది ఆడే ఆటగా గొప్పగా తీసుకొచ్చారు. అందులో బ్రేక్‌త్రూ అనే పోటీ ఉంది. జెండాల వరసలు ఒక్కొక్కటిగా పడగొట్టుకుంటూ పోవాలి కాబట్టి జనమంతా ఒకే చోట ముద్దగా చేరతారు. ఏడాది తిరక్కుండానే, 2022లో, అందులో 128 మంది పద్ధతిని తీసేసి 64కు కుదించారు. గందరగోళం పెరిగి ఒక్కో ఆటగాడి విలువ, ఒక్కో స్క్వాడ్ ప్రభావం తగ్గిపోతున్నాయన్నది వాళ్లు చెప్పిన కారణం. మీరింకా గట్టిగా ఆడండని ఆటగాళ్లకు చెప్పలేదు. మందిని సగం చేశారు.

మీరు ఉన్న చోట కూడా ఒక దశ దాటాక ఇదే ప్రశ్న వేసుకోవాలి. ద్వారం మార్చి చూశారు. నలుగురిని చూసుకున్నారు. పడ్డ చోటు గమనించి దారి మార్చారు. నెలలు గడిచినా మీరు చేసిన పనికీ వచ్చిన ఫలితానికీ పొంతన లేదు. అప్పుడిక మిమ్మల్ని మీరు నిందించుకోవడం ఆపండి. మీ చేతుల్లో ఉంటే మందిని తగ్గించండి. పదిహేను మంది కూర్చునే మీటింగును అయిదుగురికి కుదించండి. రోజుకు ఆరు సబ్జెక్టులు ముట్టుకునేచోట రెండే పెట్టుకోండి. మీ చేతుల్లో లేదంటే, అంత నేర్పుతోనే తక్కువమంది ఉన్న మ్యాపుకు మారండి. పెద్ద కంపెనీలో నలభయ్యో మనిషి చిన్న కంపెనీలో మూడో మనిషి కావడం పారిపోవడం కాదు, స్క్వాడ్ మారడం.

రేపటి నుంచి చెయ్యాల్సినవి

- పొద్దున్నే ఒక్క జెండా రాసుకోండి. సాయంత్రం అది కదిలిందో లేదో టిక్కు పెట్టండి. మిగతా హడావుడికి టిక్కు లేదు.

- మీ నలుగురి పేర్లు రాయండి. వారంలో ఒక్కొక్కరికి ఒక్కసారైనా, అడగకముందే తూటాల పెట్టె అందించండి. లేపేముందు మాత్రం అడగండి.

- చూపు మసకబారినప్పుడు డ్రాఫ్టు, చూపు తేటపడ్డాక పంపడం.

- నెలాఖరున తగిలిన దెబ్బల జాబితా తీయండి. మూడు ఒకే చోట తగిలి ఉంటే వచ్చే నెలంతా ఆ చోటు మీదే పని.

- అన్నీ బాగున్నప్పుడు పెరడు చూసుకోండి.

- మూడు నెలలకోసారి మ్యాపును చూడండి. ఇక్కడ జనం ఎంత, చోటు ఎంత, అందులో నా విలువ ఎంత? జవాబు మూడుసార్లు వరసగా బాగా లేకపోతే లాబీలోకి వెళ్లి ఇంకో సర్వర్ వెతుక్కోండి. ఆట మానేయమని కాదు, మీ ఆటకు విలువుండే చోట ఆడమని.